హెడ్‌ఫోన్‌లో దవడ అదిరింది, బరాత్ బాక్సుల్లో మాయమైంది: నా సబ్ బేస్ ఎక్కడికి పోయింది?

మంజీర_బీట్స్
మూడు వారాలు కూర్చుని ఒక ట్రాక్ చేశాను. తీన్మార్ నడక, పైన మా అక్క పాడిన జానపదం, కింద లోతైన సబ్ బేస్, అంటే చెవి కంటే ఒంటికి ఎక్కువ తెలిసే అడుగు మోత. శ్రుతి సి. హెడ్‌ఫోన్‌లో వింటే దవడ ఎముక దాకా తెలుస్తుంది. మొన్న ఊళ్లో స్నేహితుడి బరాత్‌లో డీజే అన్నను బతిమాలి పెట్టించుకున్నాను. దాని ముందు పాటకు నేల అదిరింది. నా పాట రాగానే డప్పు వినిపించింది, అక్క గొంతు వినిపించింది, కింద మాత్రం ఖాళీ. ఎవరో వైరు పీకేసినట్టు. ఫేడర్ (సౌండ్ పెంచే మీట) ఎంత పైకి తోసినా లాభం లేదు. పది సెకన్లలో పాట మార్చేశాడు. ఆ తర్వాత పెళ్లిమండపం దాకా నాకు నోట మాట రాలేదు.

ఎఫ్ఎల్ స్టూడియో (పాటలు చేసే సాఫ్ట్‌వేర్)లో త్రీ ఎక్స్ ఆస్క్ అనే సింథ్ తీసుకుని సైన్ వేవ్, అంటే ఒకే స్వరం ఉన్న నున్నటి అల, పెట్టాను. సన్నగా ఉందనిపిస్తే రెండో లేయర్ కలిపి కొంచెం డీట్యూన్ చేశాను (శ్రుతి కాస్త జరిపాను), దాని మీద వెడల్పు కోసం ఒక స్టీరియో ప్లగిన్ వేశాను. మీటర్‌లో సబ్ నిండుగానే కనిపిస్తోంది. మరి బాక్సుల్లోకి వచ్చేసరికి ఏమైంది?

విశాఖ_వేవ్స్
కిక్ (డ్రమ్ పెద్ద దెబ్బ) చూసుకో ముందు. కిక్కూ సబ్బూ ఒకే చోట పడి ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. 50 హెర్ట్జ్ అంటే సెకనుకు 50 అలలు, ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. సబ్ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైతే చాలు, కిక్ పైకి పోతున్నప్పుడు సబ్ కిందికి పోతుంది. రెండూ కలిసి సున్నా. సబ్ పొలారిటీ తిప్పి (అలను తలకిందులు చేసి) విను, తేడా తెలుస్తుంది.

లో_ఎండ్_లక్ష్మి
కిక్ వల్ల అయితే కిక్ పడినప్పుడే పోవాలి కదా. తమ్ముడు "మొత్తం ఖాళీ" అంటున్నాడు. నా అనుమానం ఆ స్టీరియో ప్లగిన్ మీద.

హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి ఎడమది, కుడి చెవికి కుడిది విడివిడిగా పోతాయి. రెండూ ఎదురెదురు ఫేజ్‌లో (ఒక అల పైకి పోతే ఇంకోటి కిందికి) ఉన్నా నీకు పెద్దగా, తల చుట్టూ తిరుగుతున్నట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. డీజే సెట్‌లో బేస్ బాక్సులకు వెళ్లే సిగ్నల్ దాదాపు ఎప్పుడూ మోనో. ఎడమ, కుడి కలిపి పంపిస్తారు. అక్కడ ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి కలిసి ఏమీ మిగలదు.

ఒక పని చెయ్యి. సబ్ ట్రాక్ ఒక్కటే సోలో పెట్టు. మాస్టర్‌లో స్టీరియో సెపరేషన్ నాబ్ పూర్తిగా మోనో వైపు తిప్పు. మీటర్ చూడు. ఏం జరిగిందో ఇక్కడ రాయి.

ఎనిమిది_సున్నా_ఎనిమిది
+1 లక్ష్మి అక్కకి. సబ్ మీద స్టీరియో అంటే పాయసంలో ఉప్పు.

మంజీర_బీట్స్
చేశాను. నమ్మలేకపోతున్నాను. నాబ్ తిప్పుతుంటే మీటర్ మెట్లు దిగినట్టు దిగింది. చివరికి అడుగున చిన్న పచ్చ గీత మిగిలింది, అదీ వస్తూ పోతూ ఉంది. మూడు వారాలు నేను విన్న బేస్ మోనోలో అసలు లేనే లేదు.

ఆ వస్తూ పోతూ ఉండటం ఏంటి అక్కా?

లో_ఎండ్_లక్ష్మి
అది డీట్యూన్. 49 హెర్ట్జ్ సైన్ ఒకటి, 50 హెర్ట్జ్ సైన్ ఒకటి కలిపితే సెకనుకు ఒకసారి పొంగి ఒకసారి కుంగుతుంది. పైన లీడ్ సౌండ్‌లో అది అందం. కింద అయితే ఒక బీట్‌కు బేస్ ఉంటుంది, ఇంకో బీట్‌కు ఉండదు. రెండో లేయర్ తీసెయ్, ప్లగిన్ తీసెయ్. ఒకే ఆసిలేటర్ (అల పుట్టించేది), ఒకే సైన్, నడిమధ్యలో. సన్నగా అనిపించినా కంగారు పడకు. సబ్ ఒంటరిగా వింటే ఎప్పుడూ సాదాగానే ఉంటుంది.

క్రాయిడన్_కుర్రాడు
ఇక్కడ లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, డబ్‌స్టెప్ (బరువైన బేస్ ఉన్న డాన్స్ సంగీతం) పిచ్చి. ఈ మోనో సంగతి రికార్డుల కాలం నుంచీ ఉంది. వినైల్ మీద కింది బేస్ వెడల్పుగా ఉంటే సూది గాడిలోంచి ఎగిరిపోతుంది. అందుకే కటింగ్ చేసేవాళ్లు కింది భాగాన్ని మోనో చేసేవాళ్లు.

దీని మూలం జమైకా. కింగ్‌స్టన్‌లో కింగ్ టబీ అసలు రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే మనిషి. సొంత సౌండ్ సిస్టమ్ కట్టుకున్నాడు. పాటలోంచి గొంతు తీసేసి బేస్, డ్రమ్స్ మిగిల్చి డబ్ అనే సంగీతం చేశాడు. అక్కడి నుంచి వలస వచ్చినవాళ్లతో ఆ బాక్సుల సంస్కృతి లండన్ చేరింది. 2000ల మొదట్లో క్రాయిడన్ పిల్లలు దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చారు, నిమిషానికి 140 బీట్ల దగ్గర. 2005 నుంచి బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ అనే డబ్‌స్టెప్ రాత్రులు. ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న క్లబ్బు బాక్సుల గురించి ఇక్కడివాళ్లు ఇప్పటికీ కథలుగా చెబుతారు. 2015లో మూసేశారు, నేను వచ్చింది ఆ తర్వాత. ఆ ఒక్క బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

వాళ్ల పాటల్లో సబ్ గమనించు. తక్కువ నోట్లు, మధ్యలో ఖాళీ. బాక్సుకు ఊపిరి పీల్చుకునే సమయం ఇస్తారు.

సౌండ్_సర్వీస్_బాబాయ్
ఏలూరు వైపు ఇరవై ఏళ్లుగా సౌండ్ సర్వీసు నడుపుతున్నాను. ప్లగిన్లు నాకు తెలియవు, బాక్సులు తెలుసు. అబ్బాయ్, లక్ష్మమ్మ చెప్పింది సగం. నువ్వు మోనో చేసుకుని తెచ్చినా నా బాక్సుల్లో నీ పాట మోగదు.

శ్రుతి సి అన్నావు. సబ్‌లో ఏ సి వాడావు?

మంజీర_బీట్స్
సి 1, బాబాయ్ గారు. అన్నిటికంటే కిందిది.

సౌండ్_సర్వీస్_బాబాయ్
అదే అనుకున్నా. అది 32.7 హెర్ట్జ్. మన పెళ్లిళ్లకు, ఊరేగింపులకు తిరిగే 18 అంగుళాల బేస్ బాక్సుల్లో చాలా వాటికి 40 కిందికి దిగితే సత్తా ఉండదు. దానికి కారణం ఉంది. బాక్సుకు ముందు పోర్టు అని రంధ్రం ఉంటుంది కదా, దాని కొలతను బట్టి ఏదో ఒక ఫ్రీక్వెన్సీకి బాక్సు ట్యూన్ అయి ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ దాదాపు కదలదు, పోర్టులోంచి గాలే పని అంతా చేస్తుంది. దాని కిందికి పోయావా, కోన్‌కు వెనక గాలి ఆసరా పోతుంది. పిచ్చిపట్టినట్టు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, శబ్దం మాత్రం రాదు. అలా వదిలేస్తే కాయిల్ పోతుంది, కోన్ చిరుగుతుంది.

అందుకే మేము ప్రాసెసర్‌లో 35 దగ్గరో 40 దగ్గరో కోత పెడతాం. నీ సి 1 ఆ కోతలో పోయింది. డీజే అబ్బాయి ఫేడర్ తోసినా రాకపోవడానికి ఇది రెండో కారణం.

నమ్మకం లేకపోతే చూసుకో. సన్నగా చింపిన న్యూస్‌పేపర్ ముక్కను పోర్టు ముందు టేపుతో అంటించు. తక్కువ సౌండ్‌లో 30 నుంచి 80 దాకా సైన్ వేవ్‌ను మెల్లగా పైకి జరుపుకుంటూ రా. ఒకచోట పేపరు జెండాలా ఎగురుతుంది, కోన్ మీద వేలు ఆనిస్తే నిద్రపోతున్నట్టు ఉంటుంది. బాక్సు బలం అక్కడ. ఆ చుట్టుపక్కల నీ స్వరాలు ఉంటే జనం ఛాతీకి తగులుతుంది.

లో_ఎండ్_లక్ష్మి
బాబాయ్ గారూ, ఇంత విడమరిచి నాకు ఎవరూ చెప్పలేదు. సేవ్ చేసుకున్నాను.

విశాఖ_వేవ్స్
అయితే శ్రుతి మార్చెయ్. ఎఫ్ 1 అంటే 43.65, జి 1 అంటే 49. డాన్స్ పాటలు ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం అంటారు. పాటను ఎఫ్‌లోకి తీసుకెళ్తే అయిపోయె.

మంజీర_బీట్స్
అక్క గొంతు సి దగ్గరే విచ్చుకుంటుంది అన్నా. ఎఫ్‌కు పైకి జరిపితే అరుపు, కిందికి జరిపితే గొణుగుడు. పిచ్ షిఫ్ట్ చేసి చూశాను, అక్క గొంతు కాకుండా పోయింది.

విశాఖ_వేవ్స్
డాన్స్ పాటలో బేసే ప్రాణం. గొంతు సర్దుకోవాలి.

డగ్గా_దాసు
ఇది నేను ఒప్పుకోను. జానపదం పాడే మనిషికి శ్రుతి అంటే చెప్పుల సైజు లాంటిది. ఒక సైజు అటూ ఇటూ అయితే నడక మారిపోతుంది. బాక్సు కోసం గాయని శ్రుతి మార్చడం ఏం న్యాయం? బేస్ కదా సర్దుకోవాల్సింది.

సబ్ ఎప్పుడూ షడ్జం మీదే కూర్చోవాలని ఎవరు చెప్పారు? సి పాటలో పంచమం జి. అది 49. మధ్యమం ఎఫ్, 43.65. ఈ రెండిటినీ కింద వాడుకో. షడ్జం వచ్చినప్పుడు ఒక స్థాయి పైకి వెళ్లి సి 2 మీద పెట్టు, 65.4. అది లోతు కాకపోయినా పంచ్ ఉంటుంది. నోటు పైనుంచి కిందికి దిగినప్పుడు లోతు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఎప్పుడూ పాతాళంలోనే ఉంటే పాతాళం అని తెలియదు.

లో_ఎండ్_లక్ష్మి
దాసు గారి మాటే నా మాట. పాట ఎవరిదో వాళ్ల గొంతు ముందు. మిగతావి దాని చుట్టూ.

విశాఖ_వేవ్స్
సరే, సి 2 నుంచి జి 1 కి దిగడం వింటే నాకూ నచ్చింది, ఇప్పుడే వాయించి చూశా. కానీ కొత్తగా పాట మొదలుపెట్టేవాళ్లు శ్రుతి ముందే ఆలోచించుకుంటే ఈ తంటా ఉండదు. ఆ మాట మీద నిలబడతా.

ఎనిమిది_సున్నా_ఎనిమిది
ఇంకో సంగతి. బరాత్‌లో మోగినా జనం ఎక్కువగా వినేది ఫోన్‌లో. ఫోన్ స్పీకర్‌కు 49 హెర్ట్జ్ అంటే అసలు వినపడని లోకం. సైన్‌కు హార్మోనిక్స్ (రెట్టింపు, మూడింతల్లో పలికే పైస్వరాలు) ఉండవు కాబట్టి ఫోన్‌లో బేస్‌లైన్ మొత్తం గాయబ్.

దానికి మందు సాచురేషన్ లేదా డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కొంచెం గరుకు చేయడం. 49 కి 98, 147, 196 ఇలా పై హార్మోనిక్స్ పుడతాయి. కింది స్వరం స్పీకర్‌లో లేకపోయినా ఈ పైవాటి మధ్య దూరం చూసి మెదడు కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది. మిస్సింగ్ ఫండమెంటల్ అంటారు.

నా పేరున్న మెషీన్ గురించి కూడా ఒక మాట. రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ వచ్చింది 1980లో, 1983కే ఆపేశారు. అందులో కిక్ రికార్డు చేసిన శబ్దం కాదు, సర్క్యూట్ మోగించే శబ్దం. డికే నాబ్ (శబ్దం ఆరిపోయే సమయం) పొడవుగా తిప్పితే కిక్ సాగి బేస్ అవుతుంది. దాన్ని శాంపిల్ చేసి స్వరాలుగా వాయించడం మొదలుపెట్టారు, ఇవాళ్టి 808 బేస్ అదే. దాని మీద డిస్టార్షన్ వేసి విన్నావంటే ఫోన్‌లో కూడా వినిపిస్తుంది.

విశాఖ_వేవ్స్
సబ్ అంటే శుభ్రమైన సైన్. డిస్టార్షన్ వేస్తే కింద అంతా బురద. ఒప్పుకోను.

లో_ఎండ్_లక్ష్మి
రెండూ ఉంచుకోవచ్చు. నేను చేసేది ఇది: సైన్‌ను ముట్టుకోను. దాని కాపీ ఒకటి వేరే ట్రాక్ మీద పెట్టి డిస్టార్షన్ వేస్తాను, ఆ తర్వాత 120 దగ్గర హైపాస్ ఫిల్టర్ పెట్టి కిందిదంతా కోసేస్తాను. ఫేడర్ మెల్లగా పైకి తెస్తాను. ఫోన్‌లో బేస్‌లైన్ పాడుకోగలిగేంత వచ్చాక ఆపేస్తాను. కింద సైన్ శుభ్రంగా ఉంటుంది, పైన ముక్కు మొహం ఉంటుంది. కాకపోతే ఫిల్టర్ వల్ల ఫేజ్ కొంచెం జరుగుతుంది, రెండూ కలిపి మోనోలో ఒకసారి సరిచూసుకోవాలి.

డగ్గా_దాసు
హార్మోనిక్స్ మాట వచ్చింది కాబట్టి. మామూలు డోలు చర్మం మీద పుట్టే పైస్వరాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి ఉండదు. తబలాకూ మృదంగానికీ మధ్యలో నల్లటి పూత వేయడం వల్ల ఆ పైస్వరాలు హార్మోనిక్స్‌లోకి వస్తాయి. సి.వి. రామన్ 1920లోనే దీని మీద రాశారు. మన పెద్దలు లెక్క తెలియకుండానే చెవితో సాధించారు.

ఇంకోటి. డగ్గా (తబలా జతలో ఎడమచేతిది) మీద వేళ్లతో కొట్టి మణికట్టుతో నొక్కుతూ జరిపితే "ఘూఁ" అని స్వరం పైకి పాకుతుంది. నేను 808 గ్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) మొదటిసారి విన్నప్పుడు నా మణికట్టు తనంతట తనే కదిలింది. గ్లైడ్ టైము సెట్ చేసేటప్పుడు గ్రిడ్ చూడకుండా నోటితో ఆ "ఘూఁ" అనుకుని దానికి సరిపెట్టు. బతికినట్టు ఉంటుంది.

మంజీర_బీట్స్
దాసు గారూ, మా తాత డోలు వాయించేవాడు. ఈ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంకో సందేహం. తీన్మార్‌లో ప్రతి దెబ్బకూ సబ్ పెట్టాను. చిటచిట అని చప్పుళ్లు కూడా వస్తున్నాయి.

క్రాయిడన్_కుర్రాడు
ప్రతి దెబ్బకూ వద్దు. 40 హెర్ట్జ్‌లో ఒక ఆవృత్తికే 25 మిల్లీసెకన్లు పడుతుంది. నోటు 50 మిల్లీసెకన్లే ఉంటే రెండు అలలు, అంతే. చెవికి స్వరం అందేలోపే అయిపోతుంది. పెద్ద దెబ్బలకు సబ్, చిన్న దెబ్బలు డప్పుకు వదిలెయ్.

చిటచిటకు కారణం అల సున్నా దగ్గర కాకుండా మధ్యలో మొదలవడం, మధ్యలో తెగిపోవడం. ఎటాక్ (శబ్దం లేచే సమయం) 5 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఆరే సమయం) 20, 30 ఇచ్చి చూడు. ప్రతి నోటుకూ అల మొదటి నుంచి మొదలయ్యేలా ఫేజ్ రీట్రిగ్గర్ ఆన్ చెయ్. అప్పుడు కిక్‌తో పొంతన కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. విశాఖ అన్న మొదట్లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది.

విశాఖ_వేవ్స్
చూశారా, నా కిక్ మాట చివరికి తేలింది 😄

పక్కింటి_శ్రోత
నేను సంగీతం చేసేవాణ్ని కాదు. మా పక్క ఫ్లాట్‌లో ఒక అబ్బాయి రాత్రి పదకొండుకు బేస్ పెడతాడు. పాట వినపడదు, గోడ మాత్రం మూలుగుతుంది. మా అమ్మకు గుండె ఆపరేషన్ అయింది, ఆ మోతకు నిద్ర పట్టక లేచి కూర్చుంటుంది. గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటించానంటాడు. మరి ఎందుకు ఆగడం లేదు?

లో_ఎండ్_లక్ష్మి
ఆగదండీ. 49 హెర్ట్జ్ అల పొడవు 7 మీటర్లు. గుడ్ల ట్రే మందం రెండు అంగుళాలు. దానికి అది అడ్డమే కాదు. పలచటి ఫోమ్ కూడా అంతే, పై శబ్దాల ప్రతిధ్వని తగ్గిస్తుంది తప్ప బేస్‌ను ఆపదు. బేస్ స్లాబులోంచి, గోడలోంచి పాకుతుంది. స్పీకర్ నేల మీద ఉంటే దాని కింద మందమైన రబ్బరు వేయమనండి, కొంత తగ్గుతుంది. రాత్రి పది తర్వాత హెడ్‌ఫోన్ తప్ప దారి లేదు. ఆయనకు ఈ పోస్టు చూపించండి. అమ్మగారి సంగతి తెలిస్తే వింటాడు, మనవాళ్లు చెడ్డవాళ్లు కాదు.

సౌండ్_సర్వీస్_బాబాయ్
నేను కూడా పది కొట్టగానే ఆంప్లిఫైయర్లు ఆపేస్తాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వద్దని 2000 సంవత్సరం నుంచే రూలు ఉంది. ముసలివాళ్లున్న ఇంటి ముందు ఊరేగింపు ఆగితే బేస్ తగ్గించమని మా కుర్రాళ్లకు చెప్పి ఉంచాను. అడగకుండానే తగ్గిస్తారు.

ఎనిమిది_సున్నా_ఎనిమిది
గది మాట వచ్చింది కాబట్టి, నాకు నా గదిలో జి స్వరం బాగా వినిపిస్తుంది, 'ఏ' స్వరం మాత్రం వినిపించదు. స్పీకర్లు మార్చాలా?

లో_ఎండ్_లక్ష్మి
డబ్బు పెట్టకు. గది కొలత చెప్పు. పది బై పన్నెండు అయితే నేనే చెబుతాను. పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, పన్నెండడుగుల మధ్య 47 దగ్గర అల నిలబడిపోతుంది. గోడ దగ్గర ఉప్పెన, గది నడిమధ్యలో ఎడారి. నువ్వు పదడుగుల గోడల మధ్య సరిగ్గా నడుమ కూర్చుంటున్నావు కదా? ఏ 1 అంటే 55. అందుకే ఏ పోయింది.

మా గదిలో అమ్మ బీరువా ఉంది. నేను 55 వాయిస్తే బీరువా తలుపు జరజరమంటుంది, లోపల హ్యాంగర్లు ఊగుతాయి. 49 వాయిస్తే నిశ్శబ్దం. మొదట్లో ఆ జరజరను బేస్ అనుకుని ఆ 'ఏ' స్వరాన్ని ప్రతి పాటలో తగ్గించేశాను. కారులో వింటే ఏ ఉన్న చోటల్లా గుంట. ఆ తర్వాత 55 వాయిస్తూ గదంతా నడిచాను. కుర్చీని ఒక మూరెడు వెనక్కి జరిపితే ఏ తిరిగి వచ్చింది. బీరువా తలుపు సందులో అట్టముక్క పెట్టాను.

మిక్స్ చేసేటప్పుడు స్పాన్ అనే ఉచిత మీటర్ తెరిచి పెట్టుకో. తక్కువ సౌండ్‌లో చెవికి కింది బేస్ సరిగ్గా అందదు, ఇది మన చెవుల తీరే. కాబట్టి చెవి, మీటర్, కారు, ఫోన్, నాలుగూ చూసుకున్నాకే బయటికి వదలాలి.

ఎనిమిది_సున్నా_ఎనిమిది
నడిమధ్యలోనే కూర్చుంటున్నా. మూరెడు జరిగా. ఏ వచ్చేసింది అక్కా!!

మంజీర_బీట్స్
పది రోజుల తర్వాత రాస్తున్నాను. అన్నీ చేశాను. ఒకే సైన్, మోనో. షడ్జానికి సి 2, కింద ఎఫ్, జి. జి నుంచి సి 2 కి పాకేచోట నోటితో "ఘూఁ" అనుకుని గ్లైడ్ పెట్టాను. డిస్టార్షన్ కాపీ 120 పైన. సబ్ నోట్లు సగానికి సగం తీసేశాను. అక్క శ్రుతి ముట్టుకోలేదు.

నిన్న పొద్దున అదే డీజే అన్న షెడ్డుకు వెళ్లాను. బాబాయ్ గారు చెప్పినట్టు పేపరు అంటించి ముందు సైన్ వేవ్ జరిపాం. అన్న కూడా ఎప్పుడూ చూడలేదట, మోకాళ్ల మీద కూర్చుని పోర్టులోకి తొంగి చూశాడు. తర్వాత పాట పెట్టాం. మొదటి జి దిగగానే షెడ్డు రేకులు మోగాయి. అన్న ఏమీ అనలేదు, ఫేడర్ కొంచెం కిందికి లాగాడు. అక్కకు ఫోన్ చేసి వినిపించాను. ఫోన్‌లో కూడా బేస్‌లైన్ తెలుస్తోందట.

సౌండ్_సర్వీస్_బాబాయ్
పేపరు ఎక్కడ బాగా ఎగిరింది?

మంజీర_బీట్స్
46 దగ్గర. ఎఫ్‌కూ జికీ సరిగ్గా మధ్యలో.